ఆల్బమ్‌లో నాలాంటి మనిషి

అంబర్‌పేట్ మార్కెట్ దగ్గర ఒక ఫొటో స్టూడియోలో నేను అరగంట నుంచి ఆల్బమ్‌లు తిప్పుతున్నాను. పెళ్లికూతురు మా అమ్మాయే, పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటోంది. మధ్యాహ్నం నుంచి బంద్ అని ఎవరో అన్నారు. స్టూడియో ఆయన ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను నా మీద పెట్టాడు.

"అక్కా, గదే ఆల్బమ్ నాలుగుసార్లు సూసినవ్. ఏం దేవులాడుతున్నవ్?"

"ఏం లేదన్నా. పూలు మంచిగ పడ్డయా లేదా అని."

"పూలేంది, నీ బిడ్డను సందమామ మీద కూసోవెడ్త. గిటు సూడు."

ఆయన ఒక పేజీ తీశాడు. అందులో ఎవరో పెళ్లికూతురు నిజంగానే చందమామ మీద కూర్చుని ఉంది. కింద మంచుకొండలు. పెళ్లికొడుకు ఒక గులాబీ పువ్వు లోపల ఉన్నాడు. మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయింది.

నేను వెతికేది పూలను కాదు. నాలాంటి మనిషిని. బొట్టు లేని ఆడమనిషి పెళ్లికూతురి పక్కనో వెనకనో ఒక్క ఫొటోలో అయినా ఉంటుందేమో అని చూస్తున్నాను.

నా భర్త పోయి అప్పటికి ఆరేళ్లు. ఆయన యూనివర్సిటీలో తోటపని చేసేవాడు. నేను అక్కడే ఆడపిల్లల హాస్టల్ మెస్సులో కూరగాయలు తరిగి, చపాతీలు చేసేదాన్ని. మాణికేశ్వర్ నగర్‌లో ఒక గదిలో ఉండేవాళ్లం. మాకు ఒక్కతే బిడ్డ. విద్యానగర్‌లో మందుల షాపులో పనిచేసేది.

ఆయన పోయిన రెండో ఏడు మా చెల్లెలి పెళ్లయింది. మూడు రోజులు వంటల దగ్గర అన్నీ నేనే చూసుకున్నాను. ఆల్బమ్ వచ్చాక చూస్తే అందులో నేను లేను. బ్యాండు వాళ్లు ఉన్నారు, షామియానా వేసిన వాళ్లు ఉన్నారు, ఎవరిదో కుక్క కూడా ఉంది. నన్ను ఎవరూ కావాలని తీసేయలేదు. ఫొటోలాయన కెమెరా ఎత్తినప్పుడల్లా "అమ్మా, జర పక్కకు" అన్నాడు. నేను జరిగాను. భర్త లేని మనిషి పెళ్లి ఫొటోలో ఉంటే మంచిది కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

మా అమ్మాయి పెళ్లిలో పీటల మీద కూర్చుని కన్యాదానం చేసేది మా బావ, అక్క. బావ అంటే నా భర్తకు అన్న, అక్క ఆయన భార్య. దానికి నేను ఎప్పుడో ఒప్పుకున్నాను. తలంబ్రాలప్పుడు లోపల ఉండమంటే ఉంటాను. కానీ నాకు ఒక్క ఫొటో కావాలి. పెళ్లిబట్టల్లో నా బిడ్డ, పక్కన నేను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, మా అమ్మాయికి కూడా. ఈ వయసులో దీనికి ఫొటోల పిచ్చి ఏమిటి అంటారని భయం. అందుకే ఆల్బమ్‌లు తిప్పేదాన్ని. ఎవరి ఆల్బమ్‌లో నాలాంటి మనిషి కనిపిస్తే ఆ ఫొటోలాయననే పెట్టుకుంటే సరి. నేను నోరు తెరిచి అడగాల్సిన పని ఉండదు.

చందమామ ఆల్బమ్‌లో ఎవరూ లేరు. లేచి వచ్చేశాం.

అవి తెలంగాణ ఉద్యమం గట్టిగా నడుస్తున్న రోజులు. పొద్దున లేస్తే ముందు టీవీ చూసేవాళ్లం, ఇవాళ బస్సులు ఉన్నాయా లేదా అని. ఒకరోజు బంద్, ఒకరోజు రాస్తారోకో. క్యాంపస్‌లో పోలీసులు కళ్లు మండే పొగగుండ్లు వేస్తే మెస్సులో అన్నం వడ్డించే పిల్లలు దగ్గుకుంటూ గిన్నెల మీద మూతలు వేసేవాళ్లు. పెళ్లి రోజు ఖాయమైంది. ముహూర్తం ఉదయం పదిన్నరకు. ఆ రోజు ఏం మూస్తారో, ఎవరిని ఆపుతారో ఎవరికీ తెలియదు.

తరువాత తార్నాకకు వెళ్లాం, నేను, అక్క. చౌరస్తా దాటాక ఒక పాత స్టూడియో ఉంది. అరవై ఏళ్లాయన. ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆ రోజు షట్టర్ సగమే ఎత్తి ఉంది. వంగి లోపలికి వెళ్లాం.

"తల జాగ్రత్తమ్మా. పూర్తిగా తెరిస్తే ఎవరేమంటారోనని సగమే ఎత్తుతున్నానండి" అన్నాడు. తరువాత ఒక నోటుబుక్కు తీసి అడగడం మొదలుపెట్టాడు. "కుమ్మరి ఇంటి నుంచి పెళ్లిపూజకు ఐరేని కుండలు తెస్తారు కదండీ? ఏ టైముకి తెస్తారో ముందే చెప్పాలి. మా ఇళ్ల పెళ్లిళ్లలో అవి ఉండవు. మొదట్లో ఇక్కడ రెండు పెళ్లిళ్లలో తెలియక వదిలేసి బాగా తిట్లు తిన్నాను."

అక్కకు ఆయన నచ్చాడు. నేను ఆల్బమ్‌లు అడిగాను. మూడు ఇచ్చాడు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. చందమామలు లేవు, మంచుకొండలు లేవు. నాలాంటి మనిషి కూడా లేదు. ఒక పెళ్లికూతురికి తండ్రి లేడని ఫొటోలు చూస్తేనే తెలుస్తోంది, పీటల మీద ఎవరో పెదనాన్న ఉన్నాడు. ఆ ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు తిప్పాను. ఆ పిల్ల తల్లి ఎక్కడా లేదు.

"ఏం వెతుకుతున్నారమ్మా?" అన్నాడు ఆయన.

"పూలు సారు."

"పూలా?" అని నా ముఖం వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. "తొందరేం లేదు. ఆలోచించుకుని చెప్పండి."

బయటికి వచ్చాక అక్క అంది. "మంచిగనే ఉన్నడు చెల్లె. గని ఆంధ్రాయన. మీ బావ ఊకుంటడా?"

బావ ఆటో నడిపేవాడు. ఉద్యమంలో ఏ ఊరేగింపు అయినా ముందు వరుసలో ఉండేవాడు. విషయం వినగానే లేచాడు.

"మేము రోడ్ల మీద కొట్లాడుతుంటే, నువ్వు పోయి ఆంధ్రోనితోని ఫొటోలు తీపిస్తవా?"

"మంచిగ తీస్తడంట బావా."

"మనోళ్లకు కండ్లు లేవా?"

నిజం చెప్పాలంటే నాకూ ఆయన వద్దు, కానీ నా కారణం వేరు.

రెండు వారాల తరువాత తార్నాక రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే అందరూ తింటారు, బండ్లు ఆగిపోతాయి. హాస్టల్ పిల్లలతో పాటు మెస్సు వాళ్లం కూడా వెళ్లాం. పెద్ద గంజులో బగారన్నం నాకు అప్పగించారు. నేను గరిటె తిప్పుతుంటే ఒకాయన ఎదురుగా రోడ్డు మీద గొంతుకూర్చుని కెమెరా పెట్టాడు. ఒక పేపరుకు ఫొటోలు తీస్తాడు, క్యాంపస్‌లో చాలాసార్లు చూశాను. నేను అలవాటుగా పక్కకు జరగబోయాను.

"అక్కా, యాడికి పోతున్నవ్? గంజు మాడిపోతది. గాడనే ఉండు" అన్నాడు.

మరునాడు పేపరులో నేను ఉన్నాను. చేతిలో గరిటె, చుట్టూ పొగ, నవ్వుతున్నాను. నుదురు బోసిగా ఉంది. ఆ కాగితాన్ని హాస్టల్ పిల్లలు మెస్సు గోడకు అంటించారు. నేను చపాతీలు చేస్తూ మధ్యమధ్యలో చూసుకునేదాన్ని. ఇంక వెతకాల్సిన పని లేదని అనుకున్నాను.

ఆయన మళ్లీ క్యాంపస్‌కు వచ్చిన రోజు పట్టుకున్నాను.

"తమ్మీ, మా బిడ్డ పెండ్లికి ఫొటోలు తీస్తవా?"

"పెండ్లా? నేనెన్నడు తియ్యలే అక్కా."

"మనుషులే కద తమ్మీ."

"మనుషులే. గని పెండ్లిల మనుషులు కదలకుంట నిలవడ్తరు. ఉరికేటోళ్లను తీసుడే నాకు అలవాటు."

"మా ఇండ్లల్ల పెండ్లి సూడలే నువ్వు. అంత ఉరుకుడే ఉంటది."

నవ్వి ఒప్పుకున్నాడు. పేపరాయన అనేసరికి బావ కూడా సరే అన్నాడు. మా అమ్మాయి మాత్రం, "అమ్మా, ఫొటోలల్ల నేను పెండ్లి చేసుకుంటున్నట్టు ఉంటదా, ధర్నా చేస్తున్నట్టు ఉంటదా?" అంది. నాకు నవ్వు రాలేదు. ఎక్కడ కేకలు వినిపిస్తే అక్కడికి పరుగెత్తడమే ఆయన పని. ఆ రోజు కేకలు ఎక్కడ ఉంటాయో అనే ఆలోచన అప్పటి నుంచి పట్టుకుంది.

పెళ్లి రోజు పొద్దున ఎనిమిది గంటలకు క్యాంపస్ వైపు నుంచి నినాదాలు వినిపించాయి. తరువాత టప్ టప్‌మని చప్పుళ్లు. మా బస్తీకి, క్యాంపస్‌కు మధ్య గోడే అడ్డం. పొగ గోడ దాటి గల్లీలోకి, షామియానా కిందికి వచ్చింది. మంగళస్నానం చేయించే ఆడవాళ్లు పాట ఆపి కళ్లు తుడుచుకున్నారు. మా అమ్మాయి కళ్లలో నీళ్లు కారిపోతున్నాయి.

"అప్పగింతలు ఇంక కాలే, అప్పుడే ఏడుస్తున్నవేందే పొల్లా?" అని అక్క ఆమె ముఖం మీద తడిబట్ట వేసింది.

అప్పుడే ఫోన్ మోగింది. పేపరాయన. వెనక అంతా అరుపులు.

"అక్కా, నన్ను తిట్టకు. గీడ లాఠీచార్జి అయితున్నది. ఆఫీసోళ్లు ఇడుస్తలేరు. నేను రాలేను అక్కా."

విషయం తెలిసి బావ గట్టిగా అరిచాడు. ఎవరో ఫోన్లలో తీసుకుందాం అన్నారు. అప్పటి ఫోన్లలో మనిషికీ స్తంభానికీ తేడా తెలిసేది కాదు. ఇంకొకరు అంబర్‌పేట్ స్టూడియో ఆయనకు ఫోన్ చేశారు, ఎత్తలేదు. ఎవరైనా వెళ్లి ఎవరినైనా తీసుకురావాలి. బావ, అక్క పీటల మీద కూర్చోవాలి. మగవాళ్లు పెళ్లికొడుకు వాళ్లకు ఎదురు వెళ్లాలి, వాళ్లు అంబర్‌పేట్ నుంచి బయలుదేరారో లేదో కూడా తెలియదు. ఆడవాళ్లు పెళ్లికూతురి దగ్గర ఉండాలి. ఆ ఇంట్లో ఆ పూట పని లేని మనిషిని నేనొక్కదాన్నే.

చెప్పులు వేసుకున్నాను.

"యాడికే?" అన్నాడు బావ.

"తార్నాక."

తార్నాకలో ఎవరున్నారో ఆయనకు తెలుసు. తల దించుకుని కంకణం దారం సరిచేసుకున్నాడు.

తార్నాకకు క్యాంపస్‌లోంచే దారి. మెస్సు గుర్తింపు కార్డు చూపిస్తే పోలీసులు నన్ను లోపలికి వదిలారు. రోడ్డంతా రాళ్లు, తెగిన చెప్పులు. కెమెరాలు కనిపిస్తే గుంజుకుంటున్నారని పేపరాయన ఒకసారి చెప్పాడు. అందుకని మెస్సులో ఆగి ఒక కూరగాయల సంచి, నాలుగు గోంగూర కట్టలు తీసుకున్నాను. పరుగు కాదు, నడక కాదు, ఏదో మధ్యలో వెళ్లాను.

స్టూడియో షట్టర్ పూర్తిగా దించి ఉంది. ఆయన ఇల్లు పైనే. కింద నిలబడి "సారూ, సారూ" అని పిలిచాను. మొదట ఆయన భార్య బాల్కనీలోకి వచ్చింది, తరువాత ఆయన. ఎందుకు వచ్చానో చెప్పాను. వేరేవాళ్లను పెట్టుకున్నామని కూడా చెప్పాను. ఆయన నన్ను ఒక్కటే అడిగాడు.

"ముహూర్తం ఎన్నింటికమ్మా?"

"పదిన్నరకు సారు."

గడియారం చూసుకున్నాడు. తొమ్మిది దాటింది.

"ఈ గొడవల్లో ఎక్కడికండీ?" అని ఆయన భార్య వెనక నుంచి అంటోంది.

"పెళ్లి ఆగదు కదే" అంటూ దిగి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కెమెరా సంచిలో పెట్టి పైన గోంగూర కప్పాం. సంచి నేను పట్టుకున్నాను.

క్యాంపస్ గేటు దగ్గర కానిస్టేబుల్ ఆపాడు.

"ఏముందమ్మా సంచిల?"

"గోంగూర సారు. మెస్సుకు."

"బంద్ నాడు గోంగూర ఎవలికి?"

"బంద్ నాడు పిల్లలకు ఆకలి కాదా సారు?"

"మరి గీన ఎవలు?"

"వంటాయన."

కానిస్టేబుల్ ఆయన ఇస్త్రీ చొక్కా వైపు, నున్నగా దువ్విన జుట్టు వైపు చూశాడు. "ఏం వండుతవ్ పెద్దమనిషీ?" అన్నాడు.

స్టూడియో ఆయన నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. "వంట కాదండి. ఈవిడ కూతురి పెళ్లండి. నేను ఫొటోలు తీయాలి. సంచిలో కెమెరా ఉందండి" అని అంతా చెప్పేశాడు. అంతా అయిపోయింది అనుకున్నాను.

కానిస్టేబుల్ నా వైపు తిరిగాడు. "పెండ్లని ముందే చెప్తే పోనియ్యనా? గోంగూర కత చెప్తవేంది? పో, జల్ది పో."

గేటు దాటి చాలా దూరం వచ్చేశాం. ఆయన చెమట తుడుచుకుంటూ నడుస్తున్నాడు. ఉన్న మాట చెబితే పని అయింది. అబద్ధం చెప్పినందుకు తిట్లు పడ్డాయి. ఇంతకన్నా ఏం పోతుంది అనిపించింది. అప్పుడు చెప్పాను.

"సారు, ఆ రోజు ఆల్బమ్‌లల్ల నేను పూలు సూడలే."

"తెలుసమ్మా" అన్నాడు.

"నా బిడ్డ పక్కపొంటి నేనుండాలె. ఒక్క ఫొటో సారు. ఒక్కటే."

రోడ్డుకు అడ్డంగా పెట్టిన చెట్టుకొమ్మను దాటాక ఆయన అన్నాడు. "ఇన్నేళ్లుగా పక్కకు జరగమని చెప్పేవాణ్ణి నేనేనండి. చెప్పకపోతే పెద్దవాళ్లు నా మీదికొస్తారు." ఇంకొంచెం నడిచాడు. "నేను మిమ్మల్ని పిలవలేనమ్మా. పిలిస్తే నా వల్ల పెళ్లిలో గొడవవుతుంది. మీరే వచ్చి నిలబడాలి. నిలబడితే మాత్రం జరగమని అనను."

"మా బావ అంటే?"

"అది మీరు చూసుకోవాలండి. నా చేతులు కెమెరా మీద ఉంటాయి."

నాకు కోపం వచ్చింది. నోరు తెరవకుండా పని జరగాలని రెండు నెలలు తిరిగాను. ఇప్పుడు నోరు తెరిచినా చాలదట, నా కాళ్లతో నేనే స్టేజీ ఎక్కాలట. కానీ ఆయన మీద కోపం చూపించే టైము లేదు. పెళ్లికొడుకు వాళ్లు వచ్చేశారని దూరం నుంచే బ్యాండు వినిపించింది.

ఆయన వచ్చీరాగానే పని మొదలుపెట్టాడు. "అమ్మా, ఇటు తిరగండి", "బాబూ, గడ్డం కొంచెం పైకి" అంటూనే ఉన్నాడు. బావను కూడా "మీరు వెనక్కండీ" అంటే బావ నోరెత్తకుండా వెనక్కి జరిగాడు. నేను గదిలోకి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. నాకు మనుషుల వీపులే కనిపించాయి. జీలకర్ర బెల్లం అయిందని పంతులు మాటలను బట్టి తెలిసింది. పుస్తె కట్టేటప్పుడు మేళం గట్టిగా మోగింది. తలంబ్రాలకు అందరూ నవ్వారు. నేను ఒక చీర మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాను. తలంబ్రాలు అయ్యాయి, ఇప్పుడు వెళ్లొచ్చు. వెళ్లలేదు. ఇంకొకసారి చీర మడతపెట్టాను.

"పెళ్లికూతురి తరఫు వాళ్లు రండి" అని ఆయన గొంతు వినిపించింది. అందరూ ఎక్కుతున్న చప్పుడు. ఇది దాటితే భోజనాలు, తరువాత అప్పగింతలు. ఆయన కెమెరా సర్దుకుని వెళ్లిపోతాడు.

చీర కింద పడేసి బయటికి వచ్చాను.

స్టేజీ అంటే నాలుగు బల్లలు కలిపి పైన పరుపు వేసింది. మెట్టు బదులు ఇటుకలు. నేను ఇటుకల మీద కాలు పెట్టగానే మాటలు ఆగాయి.

"ఏమే, యాడికి?" అన్నాడు బావ మెల్లగా.

"ఫొటో దిగనీకి."

"నీకు తెల్వదా?"

"తెలుసు బావా" అని ఎక్కాను. మా అమ్మాయి ఎడమ పక్కన నిలబడ్డాను. బావ నా మోచేయి పట్టుకున్నాడు. అక్క "చెల్లె, చెల్లె" అంటోంది. పెళ్లికొడుకు తల్లి అందరి ముఖాలూ చూస్తోంది. నేను కెమెరా వైపు చూశాను. పొద్దుటి నుంచి నోరు ఆపని మనిషి ఒక్క మాట కూడా అనలేదు. కెమెరా కంటికి పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

మా అమ్మాయి నా వైపు తిరిగింది. తలలో తలంబ్రాల బియ్యం.

"గిదా? రెండు నెలల సంది ఆల్బమ్‌లల్ల నువ్వు దేవులాడింది గిదా? నాకు చెప్తే అయిపోవు కదనే! నేను నిన్ను పక్కనుంచి కదలనిస్తుంటినా?" అని గట్టిగా తిట్టింది. పెళ్లికూతురు తల్లిని తిట్టడం చూసి ఎవరో ఫక్కున నవ్వారు. ఆమె నా భుజం పట్టి దగ్గరికి గుంజుకుంది. కెమెరా వెలుగు పడింది.

పది రోజుల తరువాత నేను స్టూడియోకు వెళ్లాను. ఆల్బమ్‌లో అంటించే ముందు ఆయన ఆ ఫొటో తీసి చూపించాడు.

"ఇదొక్కటే తీయగలిగానమ్మా. సరిగ్గా రాలేదు. ఒక్కరు కూడా కెమెరా వైపు చూడట్లేదండి. అమ్మాయి నోరు తెరిచి ఉంది. మీ కళ్లు మూసుకుపోయాయి. పెట్టమంటారా?"

"పెట్టండి సారు" అన్నాను.

ఆల్బమ్ ఇంటికి వచ్చిన రోజు బావ, అక్క చూడటానికి వచ్చారు. బావ మంచం మీద కూర్చుని ఒక్కో పేజీ తిప్పాడు. ఐరేని కుండలు అన్నీ వచ్చాయని అక్క లెక్కపెట్టింది. ఆ పేజీ వచ్చింది. ఫొటోలో బావ చెయ్యి నా మోచేయి మీద ఉంది. ఆయన చాలాసేపు చూశాడు.

"నేను గుంజుతలేను గీడ. పట్టుకున్న, అంతే" అన్నాడు.

"అవును బావా" అని చాయ్ పెట్టడానికి లేచాను.